ఐసీయూ వదలాలా వద్దా అని అడగడానికి 799 రూపాయలు

ముందే చెబుతున్నా, ఇది పొడుగు రివ్యూ. స్టార్లు చూసి వెళ్లిపోయేవాళ్లకి: ఐదుకి మూడున్నర. మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో తెలియాలంటే టీ పెట్టుకుని కూర్చోండి.

నర్సుల కోసమే నడిపే ఫోన్ కౌన్సెలింగ్ ఇది. ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకుంటే 45 నిమిషాల కాల్ ఒకటి, రెండు వారాల తర్వాత పావుగంట కాల్ ఇంకొకటి. రెండూ కలిపి 799 రూపాయలు. తెలుగులో మాట్లాడే మనిషిని అడిగి పెట్టించుకోవచ్చు. పేరు రాయను. నాకు ఫిర్యాదులున్నాయి, వాటివల్ల అవతల మాట్లాడిన మేడమ్‌కి మాట రాకూడదు.

నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుని. తొమ్మిదేళ్లయింది. మార్చిలో ఒక నైట్ డ్యూటీలో తెల్లవారుజామున 5.40కి మూడో బెడ్ పేషెంట్ పోయాడు. నలభై ఒక్క ఏళ్ల మనిషి, లివర్ ఫెయిల్యూర్, ఆరు రోజులుగా ఎక్కువ నా డ్యూటీల్లోనే ఉన్నాడు. అరగంట పైన సీపీఆర్ చేశాం. డాక్టర్ టైమ్ చెప్పగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటంటే, తర్వాతి షిఫ్టుకి హ్యాండోవర్ ఇచ్చే లోపు బాడీ ప్యాకింగ్ అవుతుందా కాదా అని. బయట ఆయన భార్య ఏడుపు వినబడుతోంది. నేను ఫైల్లో పేజీలు సరిచూసుకుంటున్నాను. డ్యూటీ దిగి స్కూటీ మీద వస్తుంటే మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర తట్టింది, ఆ మనిషి పేరు నాకు గుర్తు లేదు. ఆరు రోజులూ 'మూడో బెడ్' అనే అన్నాను.

ఏడుపొస్తే ఇంత భయపడేదాన్ని కాదు. రాలేదు. ఇంట్లో ఇన్వర్టర్ బీప్‌మంటే మాత్రం కూర కలుపుతున్న చెయ్యి అలారం నొక్కడానికి పైకి లేస్తోంది.

మా యూనిట్‌లో ఇలాంటివి చెప్పుకోం. చెప్పినా 'కొత్తలో అందరికీ ఉంటుందిలే' అంటారు, తొమ్మిదేళ్ల మనిషికి కూడా. మా ఆయన అయితే 'ఓపీకి మార్పించుకోరాదా, అక్కడ కూర్చుని టోకెన్లు పిలవడమే కదా' అన్నాడు. ఓపీ నర్సులెవరైనా ఇది చదువుతుంటే ఆయన తరఫున క్షమాపణలు. అలా ఓ రోజు నిద్ర పట్టక ఫోన్ తిప్పుతూ ఈ సర్వీసు చూసి డబ్బు కట్టేశాను.

మొదట ఫామ్. నాకు అది పరమ చిరాకు. ముప్పై ఎనిమిది ప్రశ్నలు, అందులో పెళ్లయిందా, పిల్లలెందరు, జీతం ఏ రేంజి, విదేశాలకు వెళ్లే ఆలోచన ఉందా. తీరా కాల్‌లో మేడమ్ ఆ ఫామ్ చూడనే లేదు. 'అవన్నీ ఆఫీసు వాళ్లకమ్మా, నువ్వు చెప్పు' అంది. మరి నేను గంటసేపు నింపింది ఎవరి కోసం? ఒక అర స్టారు ఇక్కడే కోత.

మేడమ్ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరైన మనిషి. గొంతులో గోదావరి యాస. మొదట అడిగింది యూనిట్ గురించి కాదు, నిద్ర గురించి. ఆ వెంటనే, ఏ మొహమాటం లేకుండా, 'చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అమ్మా?' అని అడిగింది. లేదన్నాను. 'ఉంటే మాత్రం నాతో కాదు, 14416కి చెయ్యి. టెలీమానస్, గవర్నమెంటుది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు' అంది. తనకు డబ్బు కట్టిన మనిషితో ఇది నీకు చాలకపోవచ్చు, అక్కడికి వెళ్లు అని చెప్పడం నాకు నచ్చింది. మీలో ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంటే ఈ 799 పక్కన పెట్టి ముందు ఆ నంబరుకి చెయ్యండి.

మూడో బెడ్ సంగతి చెప్పాను. మేడమ్ కాసేపు ఆగి, దీనికి పేరుందని చెప్పింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ని ఐసీడీ-11 అనే తన జబ్బుల జాబితాలో రాసినప్పుడు దాన్ని జబ్బు అనలేదు, పని దగ్గర పుట్టే పరిస్థితి అంది. ఒంట్లో శక్తి అడుగంటడం, పని నుంచి మనసు దూరం జరగడం లేదా దానిమీద విరక్తి, చేస్తున్న పని చేతకావట్లేదనిపించడం, ఈ మూడూ లక్షణాలు. 'నీకు రెండోది గట్టిగా ఉంది. రాయి అయిపోయానని అనుకోకు' అంది. నాకైతే పేరు దొరకడమే సగం మందు.

తర్వాత అడిగిన ప్రశ్నకే ఆ మూడున్నర స్టార్లలో రెండు. 'విసుగు యూనిట్ మీదా, రోస్టర్ మీదా?'

పనిచేసే చోటునీ, డ్యూటీల పట్టికనీ అలా ఎప్పుడూ విడదీసి చూడలేదు. 'ఐసీయూ టెన్షన్' అని ఒక మూటగట్టి నెత్తిన పెట్టుకు తిరుగుతున్నాను. మేడమ్ మూట విప్పించింది. గత నెల ఎన్ని నైట్లు? పదకొండు. ఒక నర్సుకి ఎంతమంది? వెంటిలేటర్ మీదున్న పేషెంటుకి ఒక నర్సు ఉండాలని చదువుకున్నాం, గోడ మీదా రాసుంటుంది. నైట్లలో మాకు ఇద్దరిద్దరు, ఎవరైనా సెలవు పెడితే ముగ్గురు. నైట్ ఆఫ్ తర్వాత రోజు మార్నింగ్ పడుతుందా? పడుతుంది. 'ఇంక యూనిట్ దాకా ఎందుకు వెళ్తున్నావు, ఈ రోస్టర్ మీద చంటిపిల్లల వార్డులో పడేసినా ఇలాగే ఉంటావు' అంది.

సరిగ్గా ఇక్కడ కాల్ కట్. ఆరు నిమిషాలు పోయాక మళ్లీ కలిసింది. ఆ ఆరు నిమిషాలు చివర్లో కలపలేదు. ఇంకో అర స్టారు పోయింది.

హోంవర్క్ ఇచ్చింది. రెండు వారాలపాటు డ్యూటీ దిగగానే, బట్టలు మార్చుకోకముందే, నోట్‌బుక్‌లో మూడు గళ్లు. పేషెంటు, మనుషులు, లెక్క. ఆ రోజు ఒంట్లో సత్తువ తీసేసిన ప్రతి సంగతికీ ఏదో ఒక గడిలో టిక్కు. డాక్టరు అరవడం, పేషెంటు తాలూకు వాళ్లు మీదకు రావడం, మనవాళ్లే మనల్ని ఇరికించడం 'మనుషులు'లోకి. స్టాఫ్ చాలకపోవడం, సిరంజి పంపు దొరక్క పక్క యూనిట్‌కి పరుగెత్తడం, డ్యూటీ అయ్యాక గంట సేపు కంప్యూటర్లో ఎంట్రీలు 'లెక్క'లోకి. పేషెంటు వల్ల కలిగినవి 'పేషెంటు'లోకి.

మా అమ్మాయి రెండో తరగతి. దాని పాత రూళ్ల నోట్‌బుక్ చివరి పేజీల్లో వేశాను. పదకొండు డ్యూటీలకి ఇరవై ఏడు టిక్కులు. లెక్క 14, మనుషులు 8, పేషెంటు 5. ఎనిమిది 'మనుషులు'లో ఐదు ఒకే మనిషివి. ఎవరో చెప్పను, కానీ ఆ కాయితం చూశాక ఆయన రౌండ్స్ వేళకి నా పొట్టలో ఎందుకు తిప్పుతుందో అర్థమైంది.

రెండో కాల్‌లో మేడమ్ ఈ అంకెలు విని తేల్చేసింది. సగానికి పైన లెక్కే కాబట్టి ముందు ఇన్‌చార్జిని అడిగి నైట్లు తగ్గించుకో, నైట్ ఆఫ్ తర్వాత మార్నింగ్ వెయ్యొద్దని రాసివ్వు, నెల చూడు, అప్పుడు యూనిట్ మాట.

ఇక్కడ నేను మేడమ్‌తో ఒప్పుకోను. టిక్కులు లెక్కపెడితే అన్నీ ఒకే బరువు అయిపోతాయి. సిరంజి పంపు కోసం పరుగెత్తింది నేను ఇంటికొచ్చేసరికి మర్చిపోతాను. ఆ ఐదు 'పేషెంటు' టిక్కులే రాత్రి మూడింటికి లేపేవి. వాటిలో ఒకటి, చెయ్యి పట్టుకుని 'నన్ను ఇంటికి పంపేయండి సిస్టర్' అని సైగ చేసిన పెద్దావిడ. నోట్లో ట్యూబు ఉంది, మాట రాదు. నేను చేతులు కట్టే గుడ్డ బిగించి వచ్చాను, ట్యూబు లాగేసుకుంటుందని. అది తప్పు కాదు. అయినా దాన్నీ సిరంజి పంపునీ ఒకే టిక్కుతో ఎలా లెక్కేస్తారు? ఈ పద్ధతి వాడేవాళ్లకి నా సలహా, టిక్కు పక్కన ఆ సంగతి ఇంటికొచ్చాక కూడా వెంటే ఉందా లేదా అని ఒక చుక్క పెట్టుకోండి. నేను తర్వాతి వారం అలా చేశాను. చుక్కలన్నీ దాదాపు ఒకే గడిలో పడ్డాయి.

మేడమ్‌కి ఇంకో ఇబ్బంది, ప్రైవేటు సంగతులు అంతగా తెలియవు. ఒకసారి 'ట్రాన్స్‌ఫర్ పెట్టుకో' అంది. మాకు ట్రాన్స్‌ఫరేమిటి, రాజీనామాయే ట్రాన్స్‌ఫర్. అలవెన్సుల సంగతి కూడా నేనే చెప్పాను. మా దగ్గర ఐసీయూ అలవెన్సు నెలకు 2,500, నైట్లకు వచ్చేది ఇంకో 1,600 దాకా. యూనిట్ మారితే 4,100 పోతుంది. స్కూటీ ఈఎంఐ, పాప ఆటో కలిపితే సరిగ్గా అంత. 'టెన్షన్ తగ్గించుకో' అనడం తేలిక, దానికి నెలనెలా కట్టాల్సింది ఇది. సుప్రీంకోర్టు తీర్పు మీద వేసిన కమిటీ 2016లోనే రెండు వందల పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతం ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలంది. అది మా పేస్లిప్ దాకా నడిచి రాలేదు. అందుకే అలవెన్సు కోసం ఐసీయూలో ఉండిపోయేవాళ్లు మాలో చాలామంది. దానికి తోడు ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసి విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు ఐసీయూ అనుభవం మధ్యలో తెంచుకోవడానికి జంకుతారు. మేడమ్ ఈ విషయం మాత్రం బాగా చెప్పింది, రెండేళ్లలో వెళ్లే ఉద్దేశం గట్టిగా ఉంటే మారకు, ఊరికే మనసులో ఉంటే దానికోసం ఆగకు అని.

మరి ఎక్కడికి? ఎండోస్కోపీ, ఆ రోజుకారోజే ఇంటికి పంపే డేకేర్ వార్డు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, ఊరి ఆరోగ్య కేంద్రాల్లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ (ఎంఎల్‌హెచ్‌పీ) ఉద్యోగం, అన్నీ వరసగా చదివింది. ఎంఎల్‌హెచ్‌పీకి బీఎస్సీ నర్సింగ్ కావాలి, నాది జీఎన్ఎం డిప్లొమా. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ అంటే రోజంతా ఆడిట్ కాయితాలు, నాకు పడదు. మా దగ్గర నిజంగా ఖాళీ ఉన్నది డయాలసిస్‌లో ఒక్కటే. ఆ మాట అనగానే నేను వద్దన్నాను. ఎందుకంది మేడమ్.

మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి వైపు. ఉద్దానం. ఆ పేరు తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఇంటికో కిడ్నీ పేషెంటు. ఎందుకొస్తోందో ఇన్నేళ్లయినా ఇదీ అని తేల్చలేదు. మా మేనమామ మూడేళ్లు వారానికి రెండుసార్లు సోంపేట వెళ్లి డయాలసిస్ చేయించుకుని పోయాడు. సొంత తోటలో కొబ్బరిబొండాం కొట్టి అందరికీ ఇచ్చేవాడు, తను తాగకూడదు. బొండాం నిండా పొటాషియం, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. కత్తి చేత్తో పట్టుకుని బొండాం వైపు ఆయన చూసిన చూపు నాకిప్పటికీ తెలుసు. అలాంటి చోటికి 'తక్కువ టెన్షన్' అని ఎవరైనా పంపుతారా అన్నాను.

మేడమ్ బుజ్జగించలేదు. 'ఒక్క రోజు వెళ్లి నిలబడి చూసిరా. చూడకుండా వద్దనకు, చూడకుండా సరే అనకు' అంది. ఉచిత సలహాల్లో కూడా ఇది దొరుకుతుంది, నిజమే. కానీ ఎవరూ ఇవ్వలేదు.

వీక్లీ ఆఫ్ రోజు డయాలసిస్ ఇన్‌చార్జిని బతిమాలుకుని వెళ్లాను. ఉదయం ఆరింటికి మొదటి షిఫ్టు. పది కుర్చీలు, వేరే గదిలో హెపటైటిస్ బీ ఉన్నవాళ్లకి విడిగా ఒక మెషీను. మెషీను నిమిషానికి 500 ఎంఎల్ నీళ్లు వాడుతుంది, నాలుగు గంటలకి 120 లీటర్లు. మా ఊరి కుళాయి దగ్గర లెక్కలో ఒక మనిషికి ఎనిమిది బిందెలు. పేషెంట్లు వచ్చి వాళ్లంతట వాళ్లే బరువు తూకం ఎక్కి, చీటీ మీద రాసుకుని, తమ కుర్చీల్లో కూర్చున్నారు. ఒకాయన ఒంట్లో నీరు చేరి మూడు కేజీల ఎనిమిది వందలు పెరిగి వచ్చాడు. సిస్టర్ కళ్లతో అడిగింది. 'మేనకోడలి పెళ్లమ్మా' అన్నాడాయన, దొంగతనం ఒప్పుకున్నట్టు.

డయాలసిస్ సూదులు గుచ్చే చోటు, ఫిస్టులా మీద వేలు పెట్టి చూడమన్నారు. చదువుకున్నదే, ఐసీయూలో చూసిందే. కానీ అక్కడ ఎప్పుడూ ఆగి పట్టుకోలేదు. ముంజేతి చర్మం కింద సన్నగా అదురుతూ ఉంటుంది, పిండిమర ఆడుతున్నప్పుడు ఆ గోడకి చెయ్యి ఆనిస్తే తెలిసే అదురు. ధమనిని సిరతో కలిపి కుట్టిన చోటు అది. ఆ అదురు ఆగిపోతే ఆ మనిషికి దారి మూసుకుపోయినట్టే. అందుకే వాళ్లు నిద్రలో కూడా ఆ చెయ్యి మీద పడుకోరు.

మూడో గంటలో ఒక పెద్దాయన ఆవులించాడు. నేను మానిటర్ వైపు చూస్తున్నాను, బీపీ బాగానే ఉంది, ఇంకో పది నిమిషాలకి గానీ మళ్లీ చూడదు. డయాలసిస్ సిస్టర్ మాత్రం అటుగా వెళ్తున్నదల్లా ఆగి, ఒంట్లో నీరు లాగే యూఎఫ్ ఆపేసి, కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్లు ఎత్తి, సెలైన్ 100 ఎంఎల్ వదిలి, అప్పుడు చేత్తో బీపీ చూసింది. పై అంకె 84. 'ఈయన ఆవులిస్తే పడిపోతాడు' అంది మామూలుగా. తొమ్మిదేళ్ల ఐసీయూ దాన్ని, నాకు కనబడలేదు. సిగ్గనిపించింది. చాలా రోజుల తర్వాత నేర్చుకోవాలనీ అనిపించింది.

టెన్షన్ లేదని కాదు. ఒకేసారి నలుగురు ఎక్కడం నలుగురు దిగడం జరిగే ఆ అరగంట చేపల మార్కెట్టే. సూది గుచ్చుకుంటే హెపటైటిస్ భయం. కానీ రాత్రి డ్యూటీలు లేవు, ఎమర్జెన్సీ కాల్ నెలకు రెండు మూడు. ఆదివారం సెలవు.

డయాలసిస్ అడగడానికి మా నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లేముందు, ఫోన్ మేడమ్ చెప్పిన చివరి ముక్క పనికొచ్చింది. 'మార్చండి' అనకు, 'మూడు నెలలు వేసి చూడండి, కుదరకపోతే మళ్లీ ఐసీయూకి తీసుకోండి' అని కాయితం మీద రాసి తారీఖుతో సహా తీసుకో అంది. స్ట్రెస్ అనే మాట వాడొద్దని కూడా అంది, రికార్డులో పడుతుందని. అది నేను వినలేదు. మా సూపరింటెండెంట్ మేడమ్‌కి మూడో బెడ్ సంగతి చెప్పేశాను. 'ఐసీయూ పిల్లల్ని ఒక్కొక్కరినీ వదిలితే నా దగ్గర ఎవరుంటారు' అని కాసేపు విసుక్కుంది. తర్వాత నా కాయితం మీద సంతకం పెట్టి, 'నాకూ ఒకప్పుడు ఇలాగే అయింది' అని మాత్రం అంది. ఏ యూనిట్‌లో అని అడిగే ధైర్యం లేకపోయింది.

ఇక మిగిలిన ఫిర్యాదు. రెండో కాల్ అయిన సాయంత్రం నుంచీ ఆఫీసు నంబరు నుంచి వాట్సాప్ మెసేజీలు. ఆరు కాల్స్ ప్యాకేజీ 3,999, ఈ రోజే తీసుకుంటే తగ్గింపు, మీ స్నేహితురాలిని చేర్పిస్తే ఇంకో తగ్గింపు. వారంలో పదకొండు వచ్చాయి. బిల్లు అడిగితే మాత్రం మెసేజీ లేదు. అలసిపోయిన మనుషుల నంబర్లు దగ్గర పెట్టుకుని చేసే పని కాదు ఇది. చివరి అర స్టారు దీనికి.

ఎవరు తీసుకోవచ్చు? ఐసీయూ, ఎమర్జెన్సీ, లేబర్ రూమ్‌లో నాలుగైదేళ్లు దాటి, రాజీనామా డ్రాఫ్టు ఫోన్లో పెట్టుకున్నవాళ్లు. ఆ 799ది ఒక్కటే, అదీ మాట్లాడే మనిషి నర్సుగా చేసినవాళ్లేనా అని ముందే అడిగి. ఏడాది లోపు కొత్తవాళ్లకి వద్దు. మీ ఇన్‌చార్జి సిస్టర్‌తో క్యాంటీన్లో అరగంట కూర్చుంటే ఇంతకంటే ఎక్కువ తెలుస్తుంది, టీ ఖర్చుతో.

నేను డయాలసిస్‌లో చేరి ఆరు వారాలు. నెలకు 4,100 తగ్గింది, అది ప్రతి ఒకటో తారీఖునా గుర్తొస్తుంది. ఇన్వర్టర్ బీప్‌కి చెయ్యి లేవడం తగ్గింది, పోలేదు. మంగళ, గురు, శనివారాల షిఫ్టులో మావైపు నుంచి వచ్చి మధురవాడలో కొడుకు దగ్గర ఉంటున్న ఒక మామ్మ ఉంది. మొదటి రోజే 'ఏటమ్మా, ఏ ఊరు మీది?' అని అడిగి, చెబితే మా మేనమామ పేరు పట్టేసింది. ఇప్పుడు నా షిఫ్టులో ఉన్న పద్దెనిమిది మంది పేర్లూ నాకు తెలుసు, ఎవరు ఆవులిస్తే పట్టించుకోవాలో పన్నెండు మందివరకూ తెలుసు.

పోయిన వారం ఏడో కుర్చీ ఆయన రాలేదు. ఇంట్లోనే పోయాడని కొడుకు ఫోన్ చేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తినలేకపోయాను. మా ఆయన 'అక్కడ టెన్షన్ తక్కువన్నావు కదా' అన్నాడు. ఆయనకి ఏడో కుర్చీ ఆయన పేరు చెప్పాను, పెళ్లి భోజనం కథ చెప్పాను. పాప మధ్యలో వచ్చి ఆ నోట్‌బుక్ ఇంకా కావాలా అని అడిగింది, స్కూల్లో ఇచ్చేయాలట. చివరి పేజీలు చింపుకుని ఇచ్చేశాను.

ట్రయల్ ఇంకా ఆరు వారాలుంది. అది అయ్యాక ఐసీయూకి వెళ్తానో లేదో ఇక్కడే కింద రాస్తాను.